రూతుకు పేరు మార్చిన చలికాలం

మొన్న మా ఇంటికి రక్తం చూసేవాళ్ళు వచ్చారు. ఇద్దరూ ఆడపిల్లలే. మెడలో కార్డులు, చేతిలో చిన్న పెట్టె. ఏజెన్సీలో ఇప్పుడు ఇంటింటికీ తిరిగి, వేలు పొడిచి, సికిల్ సెల్ జబ్బు ఉందో లేదో చూస్తున్నారు. నేను అరుగు మీద కాఫీ గింజలు ఎండబోసుకుంటూ వేలు చాచి, "అమ్మలూ, ఈ జబ్బు అరకులోయలో ఉందని మొట్టమొదట కనిపెట్టింది నేనే, తెలుసా?" అన్నాను. పాపం, నమ్మేశారు. ఒక పిల్ల దండం కూడా పెట్టింది. దాంతో నాకు ఊపొచ్చి, విశాఖపట్నం నుంచి పెద్ద పెద్ద డాక్టర్లు నా దగ్గరికొచ్చి రాసుకెళ్ళేవారని కూడా చెప్పాను. లోపల రాగులు చెరుగుతున్న నా భార్య ఎస్తేరు, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "ఏటి బావా, నువ్వే కనిపెట్టినావా?" అంది. నేను కనిపెట్టలేదు. నాకు ఒకరు చెప్పారు. చెప్పినప్పుడు నేను నిలబడలేక ఆస్పత్రి నేలమీద కూర్చుండిపోయాను. ఆ సంగతి రాయకుండా తప్పించుకోవడానికే ఇన్నేళ్ళూ ఇలాంటి గొప్పలు చెప్పుకుంటూ వచ్చానని ఈమధ్యే తెలిసింది.

అప్పట్లో నేను లోయలోని ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు మాస్టారిని. కొత్త ఉద్యోగం, కొత్త సంసారం. బడి వెనక రేకుల ఇల్లు ఇచ్చారు. కిరండూలు రైలు వెళ్ళినప్పుడు ఆ రేకులు గలగలలాడేవి. ఇంట్లో నేను, ఎస్తేరు, మా అమ్మ, మా రూతు. ఎస్తేరు మా మేనమామ కూతురే. మా అమ్మకు సొంత అన్న కూతురు. మా వైపు పిల్ల పుట్టగానే మేనత్త వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుందంటే ఆ పిల్ల ఆమె ఇంటికే వస్తుందని లెక్క. మా అమ్మ అలాగే ఎస్తేరు ఉయ్యాల పట్టుకుంది. అందుకే ఎస్తేరు ఇప్పటికీ నన్ను బావా అంటుంది, కోపం వస్తే దానేలూ అని పేరు పెట్టి పిలుస్తుంది. తెల్లారకముందే అమ్మ లేచి పొయ్యి ఊదేది. తడి కట్టెల పొగ, పెరట్లో వేయించి దంచిన కాఫీ, అందులో బెల్లం, పక్కన రాగి అంబలి ఉడుకుతున్న వాసన. వీటన్నిటి మీదా వలిసె నూనె వాసన. చలికాలం లోయంతా పచ్చగా పూసే వలిసె పూలు చూడటానికి పట్నంవాళ్ళు వస్తారు కదా, ఆ గింజల నూనే. అమ్మ దాన్ని గరిటెలో కాచి రూతు మోకాళ్ళకు, మోచేతులకు, నడుముకు రాసేది. ఈరోజుకీ ఆ నూనె వాసన తగిలితే నేను సంతలోంచి లేచి వచ్చేస్తాను.

రూతుకు చలికాలం వస్తే ఎముకలు నొప్పి పుట్టేవి. నొప్పి అని రాశాను గాని, అది ఆ మాటలో పట్టేది కాదు. పక్కమీద చేపలా కొట్టుకునేది. ముట్టుకుంటే కేక, ముట్టుకోకపోతే ఏడుపు. కళ్ళు పసుపు పచ్చగా ఉండేవి. మా ఏజెన్సీలో ఏ జ్వరమొచ్చినా మలేరియానే, ఏ నొప్పి వచ్చినా వాతమే. చేదు బిళ్ళలు మింగించాం, పసరు తాగించాం, చర్చిలో పాస్టరుగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది, మంగళవారం గుట్టుగా కొండమీది దిసారి పూజారికి కోడిపుంజును పంపేది. పాస్టరుగారు అడిగితే, "నక్క ఎత్తుకుపోనాది బాబూ" అనేది. మా కోళ్ళను అన్ని నక్కలు ఎత్తుకెళ్ళి ఉంటే లోయలో నక్కలు నడవలేకపోయేవి.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా అమ్మ పుట్టింది పాచిపెంట పైకొండల్లో. అక్కడ బిడ్డ పుడితే, చనిపోయిన ఇంటి పెద్దల్లో ఎవరు తిరిగొచ్చారో చూస్తారు. గిన్నెలో పసుపునీళ్ళు పోసి రెండు వడ్లగింజలు వదిలి, ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. ఏ పేరు దగ్గర తేలుతున్న గింజలు రెండూ కలుస్తాయో ఆ మనిషి వచ్చినట్టు. ఆ పేరే బిడ్డకు. మేము క్రైస్తవులమయ్యాక చర్చిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు అయింది. రూతు పుట్టినప్పుడు గింజలు సోంబారి అనే పేరు దగ్గర కలిశాయి. సోంబారి మా అమ్మ చెల్లెలు. ఈడు రాకముందే ఎముకల నొప్పులతో పోయిందట. నేను డిగ్రీ చదివినవాణ్ణి కదా, నవ్వాను.

నేను గొప్ప మాస్టారిని. ఇది అబద్ధం కాదు, కొంచెం పెద్దది చేసిన నిజం. పదో తరగతికి డీఎన్ఏ పాఠం నాలా చెప్పినవాడు ఉత్తరాంధ్రలో లేడు. పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్ళి, మా కొండల్లో వరసకట్టి ఆడే థింసా ఆడించేవాణ్ణి. "ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక ముసలాడు గది తలుపేసుకుని కూర్చుంటాడు. వాడికి అన్ని పాటలూ వచ్చు గాని గడప దాటడు. వాడే డీఎన్ఏ. డప్పు కొట్టే కుర్రాడు లోపలికెళ్ళి, కావలసిన ఒక్క పాట దరువు మాత్రం నేర్చుకుని బయటికొస్తాడు. వాడు ఆర్ఎన్ఏ. వాడు మూడేసి దెబ్బలు కొడతాడు. ఏ మూడు దెబ్బలకు ఏ పిల్ల రావాలో ముందే కట్టడి. పిలుపు విని ఆ పిల్లొచ్చి ముందు పిల్ల నడుము వెనక చెయ్యేసి వరసలో చేరుతుంది. మళ్ళీ మూడు దెబ్బలు, ఇంకో పిల్ల. పాట అయ్యేసరికి గొలుసు తయారు. ఆ గొలుసు మెలికలు తిరిగి ఒక ఆకారంలో నిలబడితే అదే ప్రోటీను. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో ఉన్నవి అలాంటి గొలుసులే." పిల్లలు అలా నవ్వుతూ నేర్చుకునేవారు.

తర్వాత తప్పు చూపించేవాణ్ణి. ఆరో పిల్లను పిలిచే మూడు దెబ్బల్లో నడిమి దెబ్బ ఒక్కటి మార్చి కొట్టమనేవాణ్ణి. రావలసిన పిల్లకు బదులు వేరే పిల్ల వచ్చేది. ఆ పిల్ల ఒక చెయ్యి బయటికి చాచి ఉంచాలి. ప్రాణవాయువు బరువు దించగానే ఆ చెయ్యి పక్క గొలుసును పట్టుకుంటుంది, ఆ గొలుసు ఇంకో గొలుసును. అందరూ పొడుగాటి కట్టలా బిగుసుకుపోతారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం వంగి కొడవలిలా అవుతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తుంది. "ముసలాడి దగ్గరే పాట తప్పుంటే, ఎంతమంది డప్పుగాళ్ళు నేర్చుకున్నా తప్పే, ఎన్ని గొలుసులు కట్టినా తప్పే" అనేవాణ్ణి. ఇది చూసి పై అధికారులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని చాలా సభల్లో చెప్పాను. ఎవరూ పెట్టుకోలేదు. ఒకాయన వచ్చి, ఇది పరీక్షలో ఎన్ని మార్కులకొస్తుందని అడిగి వెళ్ళాడు. చివర్న, "ఈ జబ్బు ఆఫ్రికాలో ఎక్కువ" అని పుస్తకంలో ఉన్న ముక్క చెప్పి గంట కొట్టించేవాణ్ణి. ఆ ఆటంతా రూతు మా అరుగు మీద, మోకాళ్ళకు నూనె రాసుకుని, దుప్పటి కప్పుకుని చూస్తూ ఉండేది.

ఒక చలికాలం పిల్ల మరీ నీరసించిపోతే రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళాం. పెద్దాస్పత్రిలో, బాగా అలిసిపోయిన ఒక లేడీ డాక్టరు రక్తం గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసింది. "మీరేం చేస్తారు?" అంది. సైన్సు మాస్టారినన్నాను, కాస్త ఛాతీ విరిచే. "అయితే మీకు చెప్పడం తేలిక. రండి, చూడండి" అని పక్కకు జరిగింది. చూశాను. నేను ఏటేటా బల్లమీద సుద్దముక్కతో గీసే బొమ్మ. గుండ్రటివాటి మధ్య వంకర తిరిగిన కొడవళ్ళు. అప్పుడే నేలమీద కూర్చున్నాను. ఆవిడ కూడా నా ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పింది: తల్లిదండ్రులిద్దరి దగ్గరా చెరో మంచి పాటా, చెరో తప్పు పాటా ఉన్నాయి, మంచిదొకటి ఉంటే మనిషికి గడిచిపోతుంది, రెండు వైపుల నుంచీ తప్పుదే వస్తే ఇలా అవుతుంది. ఆవిడ పాట అనలేదు, జన్యువు అంది. నాకు పాట అనే వినిపించింది. మందేమిటని అడిగాను. నీళ్ళు బాగా తాగించండి, చలి తగలనివ్వకండి, ఈ చిన్న బిళ్ళలు రోజూ వెయ్యండి, నొప్పులొస్తే తీసుకురండి, అవసరమైతే రక్తం ఎక్కిస్తాం అంది. "తప్పు దిద్దే మందు లేదా?" అన్నాను. ఆవిడ నా భుజం తట్టింది.

తిరుగు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలందరూ అరిచారు, మా రూతు కూడా అరిచింది. వెలుతురు రాగానే నావైపు తిరిగి, "నానా, నాకు తప్పుది నువ్వూ అమ్మా కలిసి ఇచ్చినారంట కదా?" అంది. డాక్టరమ్మ మాటలు వినేసింది. అవునన్నాను. "మీకాడ మంచిది కూడా ఉన్నాదంట కదా. సంతలో వంకాయలు ఏరినట్టు సూసి ఏరి ఇవ్వలేకపోనారా?" అంది. ఎస్తేరు కిటికీ వైపు తిరిగిపోయింది. తర్వాతి సొరంగం ఎంత పొడుగుగా ఉన్నా నాకు చాలలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ అంతా విని పొయ్యిలో కట్టె సర్ది, "నాను ముందే సెప్పినాను. సోంబారి పేరెట్టినాం, సోంబారే వొచ్చింది, దాని నొప్పులు కూడా ఒచ్చినాయి. పేరు మార్సీయాల దానేలూ" అంది.

"పేరులో నేదమ్మా జబ్బు. ఒంట్లో రాసుంది. నీకాడ్నించి నాకొచ్చింది. మావకాడ్నించి ఎస్తేరుకొచ్చింది. ఇద్దరికాడ్నించీ దీనికొచ్చింది."

"నానూ అదే కదేటి సెప్తన్నాను, మా ఇంటికాడ్నించే వొచ్చిందని. రాసుందంటన్నావు కదా, తుడిసీ మరి."

"తుడవలేమమ్మా."

"మరేటికి నీ సదువు?" అంది. తిట్టులా అనలేదు. నిజంగానే అడిగింది.

కావాలనుకుంటే ఆ రోజు నేను అమ్మను అడ్డుకోగలిగేవాణ్ణి. చాలాకాలం, ముసలమ్మ మనసు కష్టపెట్టలేక ఊరుకున్నానని చెప్పుకున్నాను. ఉత్తమాట. నా దగ్గర ఏమీ లేదు. చదువు అయిపోయింది, బిళ్ళలు నెలకోసారి అయిపోతున్నాయి, ప్రార్థన అయిపోయింది. మిగిలింది పసుపునీళ్ళూ వడ్లగింజలూనే. ఎవరైనా కొండ నెత్తిన పెట్టుకుని నడవమన్నా నడిచి ఉండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే, లోయ మంచులో మునిగి ఎదురిల్లు కనపడకుండా ఉన్నప్పుడు, అమ్మ వీధి తలుపు గడియ పెట్టించింది, పాస్టరుగారు వస్తారేమోనని. ఇత్తడి గిన్నె పెట్టి చుట్టూ కూర్చున్నాం. రూతు దుప్పట్లో చుట్టుకుని ఎస్తేరు ఒళ్ళో ఉంది. ఎవరి పేరు కావాలో అమ్మ ముందే అనుకుంది. అమ్మకు సొంత నాయనమ్మ, బుద్రి. పళ్ళన్నీ ఊడిపోయినా కొండ దిగి కట్టెలమోపు అమ్ముకొచ్చిన మనిషి. రూతు కిసుక్కున నవ్వి, "బుద్రి అంటే ఆ బోసినోటి ముసిల్దే కదా నాయనమ్మా? నా పళ్ళు కూడా ఊడిపోతాయా?" అంది.

"ఊడిపోయేదాకా బతుకుతావు గుంటా. అందుకే" అంది అమ్మ.

ముందు సోంబారిని అడగాలట, వెళ్ళిపోతుందేమోనని. అమ్మ గింజలు వదిలి చెల్లెలి పేరు పిలిచింది. గింజలు రెండూ మెల్లగా తిరుగుతూ ఒకదానివైపు ఒకటి జరుగుతున్నాయి. నీటి మీద తేలేవి గిన్నెలో దగ్గరకు చేరతాయి, అది భౌతికశాస్త్రం, ఎనిమిదో తరగతికి నేనే చెబుతాను. అయినా ఒళ్ళు చల్లబడింది. ఎవరూ చూడటంలేదనుకుని, ముందుకు వంగి, పెదాలు కొంచెం తెరిచి ఊదాను. గింజలు విడిపోయాయి. అమ్మ "ఎల్లిపోనాది" అని గొణిగింది. తర్వాత బుద్రి పేరు పిలిచింది. ఇప్పుడు గింజలు మొండికేసి ఎక్కడివక్కడే ఆగాయి. మళ్ళీ వంగి ఊదాను. సరిపోలేదు. తల ఎత్తేసరికి అమ్మ నాకేసే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. అమ్మ నా చెవి దగ్గరకు వంగి, రూతుకు వినపడకుండా, "ఇంకొంచెం గట్టిగా ఊదరా" అంది.

ఊదాను. కలిశాయి. రూతు ఇంట్లో బుద్రి అయింది. కోడి కోశాం. ఈసారి నక్క పేరు చెప్పలేదు.

ఆ చలికాలం రూతుకు నొప్పులు రాలేదు. ఆ మరుసటి ఏడాది చలికాలంలో కూడా పెద్దగా రాలేదు. నీళ్ళు తాగించాం, వెచ్చగా ఉంచాం, బిళ్ళలు వేశాం, అందువల్లేనని స్టాఫ్‌రూమ్‌లో చెప్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం పొరపాటున కూడా సోంబారి అనే మాట ఎవరూ ఎత్తకుండా చూసుకునేవాణ్ణి. రూతు ఎత్తు పెరిగింది, ఎస్తేరు చీర చుట్టుకుని అద్దంలో చూసుకునేది, ఎవరైనా పని చెబితే "నాను ముసిల్దాన్ని, నాకు సేతకాదు" అని బుద్రిలా నోరు లోపలికి ముడుచుకుని నవ్వించేది.

తర్వాతి చలికాలం జ్వరంతో మొదలై ఛాతీలోకి దిగింది. విశాఖపట్నం వార్డులో రూతు ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తీస్తోంది. వెంటనే రక్తం కావాలన్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచాను. "మీది వద్దు, అమ్మది కూడా వద్దు. మీ రక్తంలో కూడా ఆ లక్షణం ఉంది. వేరేవాళ్ళను చూసుకోండి" అన్నారు. కన్నవాళ్ళ రక్తం తప్ప ఎవరిదైనా పనికొస్తుంది! మెట్లు దిగి ఆస్పత్రి గేటు దగ్గర కనిపించిన ప్రతి మనిషినీ అడిగాను. ఊరంతా పరిగెత్తానని, సముద్రపు ఒడ్డుదాకా వెళ్ళానని ఎప్పుడో ఎవరికో చెప్పాను. ఆ గేటు దాటి పోలేదు. భయం, నేను లేనప్పుడు ఏమైనా అవుతుందేమోనని. చివరికి ఒక ఆటో అతను, నా మాట సగంలోనే, "పదండి మాస్టారూ, ఎందుకంతలా బతిమాలుతున్నారు" అని బండి తాళం తీసి వెంట వచ్చాడు. పైకి వెళ్ళేసరికి ఎస్తేరు మంచం పక్కన నిలబడి ఉంది. ఏడవటం లేదు. రూతు కాళ్ళమీద దుప్పటి సర్దుతోంది, చలి తగలకుండా. ఆటో అతను చొక్కా చెయ్యి మడిచి, నర్సుతో, "వచ్చాను కదమ్మా, ఇంకెవరికైనా పనికొస్తే తీసుకోండి" అన్నాడు. తీసుకున్నారు.

ఇప్పుడు మా పక్క ఆరోగ్య కేంద్రంలోనే ఈ జబ్బుకు గొట్టం బిళ్ళలు ఇస్తున్నారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ లోపలి ముసలాడు వేరే పాటొకటి పాడతాడు. పుట్టాక దాన్ని ఆపేస్తాడు. ఈ మందు ఆ పాత పాటను మళ్ళీ అందుకునేలా చేస్తుందట. ఆ గొలుసులో తప్పు లేదు కాబట్టి కణాలు వంగడం తగ్గుతుంది. రూతుకు అప్పుడున్న ఈడు పిల్లలు ఆ బిళ్ళలు వేసుకుని బడికి వెళ్తున్నారు, సంతలో పానీపూరీ తింటున్నారు. చూసి సంతోషిస్తాను. సంతోషం పూర్తిగా నిజమని చెప్పను. ఒక్కోసారి ఆ పిల్లల్ని చూస్తే, రైలు కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీదికి వచ్చినవాడిలా నిలబడిపోతాను.

రూతు పోయిన కొన్నేళ్ళకు ఎస్తేరు మళ్ళీ నీళ్ళోసుకుంది. మేము అనుకుని చేసింది కాదు. తెలిశాక వద్దనుకోనూ లేకపోయాం. ఇలాంటి జంటకు పుట్టే బిడ్డకు నాలుగింట ఒక వంతు అపాయమని బల్లమీద గళ్ళు గీసి ఎంతమంది పిల్లలకో చెప్పినవాణ్ణి, ఆ తొమ్మిది నెలలూ ఆ గళ్ళ మధ్యే తిరిగాను. మగపిల్లాడు పుట్టాడు. వాడి రక్తం సంగతి కొన్ని నెలలు పోతే గాని తేలదన్నారు. ఈలోగా పేరు పెట్టాలి.

అమ్మ గిన్నె పెట్టింది. చూపు ఆనక గింజలు తడుముకుని వదిలింది. వరసగా పేర్లు పిలిచింది, తాతలవీ, ముత్తాతలవీ, బుద్రిదీ. ఒక్క దగ్గర కూడా గింజలు కలవలేదు. ఆపేసి, "రేపు సూద్దాం" అంది.

పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎస్తేరు, "దాని పేరు పిలవనేదు అత్తా" అంది.

"మగగుంటడు కదే."

"పేనానికి ఆడా మగా ఏటని నువ్వే కదా అన్నావు. పిలు."

"పిలిత్తే వొచ్చేత్తాది ఎస్తేరూ. ఆ నొప్పులట్టుకునే వొచ్చేత్తాది" అంది అమ్మ.

వద్దని నేను అనాలి. ఆ పసివాడు ఆరోగ్యంగా ఉండాలని రాత్రింబవళ్ళు మొక్కుతున్నవాణ్ణి, ఆ నిమిషం మాత్రం, నొప్పులతో వచ్చినా సరే అది రావాలని కోరుకున్నాను. ఎస్తేరు గిన్నెమీదికి వంగి, తన నోటితోనే, చిన్నగా, సందులో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు, "రూతూ" అని పిలిచింది.

అమ్మ చెయ్యి చాచి గిన్నె బోర్లించేసింది. నీళ్ళు మా కాళ్ళ కిందికి వచ్చాయి. "ఎవులొచ్చినా ఒకటే. పాలియ్యి ముందు" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కొన్ని నెలల తర్వాత, పిల్లాడిది నాలాగే ఒకటి మంచిది, ఒకటి తప్పుది అని తేలింది. బతికాడు, పెద్దవాడయ్యాడు. గిన్నె బోర్లించకముందే గింజలు రెండూ కలవడం నేను చూశానని ఎస్తేరుకు చెప్పాను, వాడికీ చెప్పాను. నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నాను.